మామ్మ నోట్లో నిప్పు

కళ్ళు మూసుకోమన్నాడు. రాజాంలో ఒక కాలేజీ సభ. నేను ముఖ్య అతిథిని. మెడలో బంతిపూల దండ, ఒళ్ళో శాలువా, ఎదురుగా బల్ల మీద మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. నా పక్కన మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న వక్త హైదరాబాదు నుంచి వచ్చాడు, ముప్పై ఏళ్ళుంటాయేమో. కష్టకాలంలో ఆనందంగా ఉండడం ఎలా అన్నది ఆ రోజు విషయం. తెర మీద ఒక్కొక్క బొమ్మే మారుతోంది. పొగలు కక్కుతున్న కాఫీ కప్పు, కిటికీ అద్దం మీద వాన చినుకులు, బోసినోటితో నవ్వుతున్న ముసలమ్మ. "ఆనందం ఎక్కడో లేదు ఫ్రెండ్స్, మీ చుట్టూనే ఉంది. చిన్న చిన్న విషయాల్లో ఉంది. మీరు గమనించడం లేదంతే. కళ్ళు మూసుకోండి. ఈ రోజు మీకు సంతోషమిచ్చిన ఒక్క చిన్న విషయం గుర్తు తెచ్చుకోండి" అన్నాడు. హాలంతా కళ్ళు మూసుకుంది. ప్రిన్సిపాలు గారు కూడా మూసుకున్నారు. నేను మాత్రం ఆ తెర మీది ముసలమ్మనే చూస్తూ కూర్చున్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ అబ్బాయి చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు, నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆయన చెప్పిందంతా మా మామ్మకి తెలుసు. బొమ్మలూ తెరలూ లేకుండానే తెలుసు. తెలిసి, తన పాటికి తాను అరుగు మీద కూర్చుని ఆ సుఖం పడుతుంటే, వీధి వీధంతా చూస్తుండగా ఆవిడ నోరు తెరిపించి చూశారు. తెరిపించింది నేనే. యాభై ఏళ్ళు దాటింది. ఆ మాట ఇన్నేళ్ళలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఫోనొచ్చిందని ప్రిన్సిపాలు గారితో ఒక అబద్ధం చెప్పి వేదిక దిగి, వెనక తలుపులోంచి బయటికి వచ్చేశాను. అక్కడేం జరిగిందో తరవాత చెబుతాను. ముందు మామ్మ సంగతి చెప్పాలి, లేకపోతే అక్కడ నేను చేసిన పని ముసలిదాని పిచ్చిలా కనిపిస్తుంది.

మాది గోగునార మిల్లున్న ఊరు. పేరు రాయను, ఇటువైపు వాళ్ళకి రాయకపోయినా తెలుస్తుంది. పంట కోశాక గోగు కట్టలు గుంటల్లోనూ వాగుల్లాంటి గెడ్డల్లోనూ నానబెట్టేవారు. అవి కుళ్ళి నార విడివడే రోజుల్లో మైలు దూరం నుంచే కంపు కొట్టేది. బస్సులో వెళ్ళే పరాయి ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు అది కంపు కాదు, అన్నం వాసన. ఆ నార మిల్లుకి వెళుతుంది, మిల్లులో మా నాన్న ఉంటాడు, మధ్యాహ్నం రెండింటికి కూత కూస్తుంది, నాన్న ఇంటికొస్తాడు. జుట్టులో, కనురెప్పల మీద, చెవుల్లో కూడా నారదూది పట్టుకుని నెరిసిపోయిన ముసలాడిలా వచ్చేవాడు. అమ్మ ఆయన్ని గడప లోపలికి రానిచ్చేది కాదు. అరుగు మెట్టు మీద కూర్చోబెట్టి తడిగుడ్డతో దులిపేది. దులుపుతూంటే ఆయన తుమ్మేవాడు, ఆవిడ తిట్టేది, ఆయన మళ్ళీ తుమ్మేవాడు. అదే మెట్టుకి పైన, అరుగు మీద గోడకి ఆనుకుని మామ్మ కూర్చునేది. నాన్న వాళ్ళమ్మ. పేరు సన్యాసమ్మ. మిల్లు కూత వినపడగానే ఆవిడ బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డసంచి బయటికి తీసేది. అందులో పొగాకు, దారప్పోగు, అగ్గిపెట్టె. ఆకు తడిపి, ఒడిలో పరిచి, ఈనె తీసేసి, వేలెడంత చుట్ట చుట్టి దారం కట్టేది. తొందరేమీ ఉండేది కాదు. చుట్టడం కూడా ఆవిడ సుఖంలో భాగమే.

మామ్మది అడ్డపొగ. అంటే చుట్ట ముట్టించి, రెండు దమ్ములు పీల్చి, తిప్పి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకోవడం. మా వైపు ముసలమ్మలకి ఇది మామూలే. చూడనివాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. నోరు కాలదా మామ్మా అంటే, "కాల్తే తాగుతానేటే గుంటా" అనేది. నాట్ల రోజుల్లో నేర్చిందట. రెండు చేతులూ బురదలో ఉంటాయి, పైన చినుకు పడుతూంటుంది, బయట పెడితే నిప్పు ఆరిపోతుంది. లోపల పెట్టుకుంటే ఆరదు, చలి కూడా వెయ్యదు. వంగి నాటు వేస్తూనే, పక్క మనిషితో కబుర్లాడుతూనే సగం మడి అయ్యేలోపు ఒక చుట్ట అయిపోయేదట. నాకు తెలిసేసరికి మామ్మ నాట్లు మానేసింది గాని ఆ విద్య పోలేదు. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడగలదు, పాడగలదు, కోళ్ళని అదిలించగలదు. ఇంకో విద్య కూడా ఉంది. వీధిలో పెద్దవాళ్ళెవరైనా వస్తే, పైకి కనిపించే ముక్కని కూడా నాలుకతో లోపలికి లాక్కుని పెదాలు మూసేసేది. వాళ్ళు పలకరిస్తే ఊఁ అని తల ఊపేది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా మొహంలో ఏ మార్పూ ఉండదు. ఆ తరవాత ముక్కులోంచి రెండు పాయలుగా పొగ వచ్చేది. పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం.

పొగాకు మంచిదని నేనంటే నా కళ్ళు పోతాయి. మా నాన్న చెల్లెలు అదే అడ్డపొగతో అంగిట్లో పుండు పడి పెద్దాసుపత్రిలో పోయింది. ఆవిడ పక్కన కూర్చున్నది నేనే. కాబట్టి దాని గురించి నాకెవరూ ఉపన్యాసమివ్వక్కర్లేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఒక రోజు కూత కూయలేదు. తెల్లవారుజామున పనికి వెళ్ళిన మగవాళ్ళు, ఉదయం షిఫ్టు వాళ్ళు, అందరూ గేటు దగ్గర నిలబడ్డారట. లోపలి నుంచి తాళం. గోడకి ఒక కాగితం. అది చదివి చెప్పమని ఒకరినొకరు అడుక్కున్నారట. నాన్న ఎండెక్కకముందే ఇంటికి వచ్చేశాడు, నల్లటి జుట్టుతో. ఆయన జుట్టు అంత నల్లగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. అమ్మ తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వారంలో తీస్తారన్నారు, నెలలో తీస్తారన్నారు. నెలలు దొర్లిపోయాయి. రెండు పూటలా అన్నం పోయి ఒక పూట అన్నం, ఒక పూట చోడి అంబలి, అంటే రాగి జావ, అయింది. తరవాత రెండు పూటలా అంబలే. అమ్మ చింతపిక్కలు వేయించి పెట్టేది, అవి నములుతూంటే దవడలు నొప్పెట్టి ఆకలి మరిచిపోయేవాళ్ళం. ఎప్పుడైనా నాలుగు నెత్తళ్ళు నిప్పుల మీద కాలిస్తే ఆ వాసనకే ఇంటిల్లిపాదీ పొయ్యి దగ్గర మూగేవాళ్ళం. ఎండుచేప ముక్కలో సగం చాలు, అంబలి గిన్నె మొత్తం లోపలికి పోతుంది. బాగుండేదా అంటే బాగుండేది. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా పళ్ళు నూరుకుంటున్నాను. ఎందుకంటే నేనిలాంటివి రాసే శాలువాలు కప్పించుకున్నాను. అంబలి రుచి, నెత్తళ్ళ వాసన, పేదరికంలోని తీపి. ఏం తీపి? నా తలకాయ! ఆకలేసిన నోటికి ఏదైనా రుచే. మిల్లుకి తాళం వేసినవాడి సంగతి మానేసి నెత్తళ్ళ వాసన గురించి పేజీలు నింపాను.

కూత లేకపోయినా మామ్మకి రెండయ్యేది. మెట్టు మీదికి చూరు నీడ వచ్చేసరికి, "రెండైపోనాదే" అని సంచి తీసేది. ఆకు తరిగిపోతోంది కనక ఒక్క చుట్టని మూడు ముక్కలు చేసి రోజుకొక ముక్క తాగేది. అంబలి మానేసింది గాని అది మానలేదు. ఒక పూట తన గిన్నె మా ముందుకి తోసేసి, "నాకు ఆకల్నేదు, మీరు తినీండి" అనేది. కాబట్టి మామ్మ మా నోటి దగ్గరిది పొగ చేసిందని ఎవరైనా అంటే వాళ్ళ నోరు పడిపోతుంది. చుట్ట వెలగ్గానే వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరేవారు. ఎదురింటి రాములమ్మ, కాళ్ళు బార్లా చాపుకునే ఆవిడ చెల్లెలు, మా అమ్మ. మగవాళ్ళు కాస్త ఎడంగా, వినీ విననట్టు. మామ్మ చుట్ట లేకుండా కథ చెప్పదు. నోట్లో నిప్పు పడితేనే మాట ఊరేది.

నాన్న అప్పటికి మాట్లాడడం బాగా తగ్గించేశాడు. అరుగు చివర కూర్చుని, పొగ రాని మిల్లు గొట్టంకేసి చూస్తూండేవాడు. ఒక రోజు మామ్మ ఆయన్ని ఓరకంట చూసి రైలు కథ ఎత్తుకుంది. "ఆమదాలవలసలో రైలెక్కినాం. మీ తాత మగోల్ల పెట్టెలోన, నాను ఆడోల్ల పెట్టెలోన. టిక్కెట్లేమో ఆయన జేబులోన. నా నోట్లోనేమో సుట్ట. టిక్కెట్టాయన వొచ్చి టిక్కెట్టేదమ్మా అన్నాడు. నోరు తెరిస్తే నిప్పు. ఏటి సెప్తాను? ఊఁ అన్నాను. మూగదానివేటి అన్నాడు. ఊఁ అన్నాను. పాపం అనుకుని ఎల్లిపోనాడు." అక్కడ ఆపి, ముక్కులోంచి పొగ వదిలి, అందరి మొహాలూ చూసింది. "ఇజీనారంలో దిగినాం. కూలోడొకడు నా మూటని కాల్తోటి తన్నీసినాడు. ఇంక నాను ఒగ్గుతానా? ఆడి ఏడు తరాల్నీ దింపీసినాను. ఎనక్కి తిరిగి సూద్దును గదా, టిక్కెట్టాయన! నోరు తెరుసుకుని నన్నే సూస్తన్నాడు. ఏటమ్మా, మాటొచ్చీసినాదేటి అన్నాడు. మీ ఊరు గాలి సలవ బాబూ అన్నాను."

రాములమ్మ నవ్వలేక పక్కకి పడిపోయింది. అరుగు చివర్నుంచి ఒక వింత చప్పుడొచ్చింది. చూస్తే నాన్న. మోకాళ్ళ మీద తల పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. "ఒలమ్మా, ఆపే! కడుపు నొప్పెడతన్నాది" అన్నాడు. మామ్మ కథ అయిపోయినట్టే ఊరుకుని, ఇంకో దమ్ము లాగి, అమ్మ వైపు తిరిగి కన్నుగీటింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది, నవ్వడానికో ఏడవడానికో. ఆ నెలల్లో మా ఇంటిని నిలబెట్టింది అంబలి కాదు, చుట్ట ముక్క కాలినంతసేపు సాగే ఆ అరగంట. అది నాకప్పుడు తెలియదు. తెలిస్తే ఆ పని చేసేదాన్ని కానేమో అని చాలా ఏళ్ళు నన్ను నేను ఊరడించుకున్నాను.

తరవాత బియ్యం వచ్చింది. పట్నం నుంచి ఎవరో దయగల పెద్దమనుషులు మిల్లు కుటుంబాలకి బియ్యం పంచుతున్నారని చాటింపు వేశారు. గంజి పెట్టిన నేతచీర కట్టుకున్న ఒక అమ్మగారు, ఆవిడ పక్కన జాబితా పట్టుకున్న కళ్ళజోడు మనిషి, వెనక బియ్యం బస్తాల బండి. ఇల్లిల్లూ తిరుగుతూ వస్తున్నారు. ముందే ఒక షరతు చెప్పారు: దురలవాట్లున్న ఇళ్ళకి ఇవ్వరు. మా వీధిలోకి వచ్చేసరికి సరిగ్గా మెట్టు మీద నీడ పడింది. మామ్మ చుట్ట ముట్టించి అప్పుడే తిప్పి పెట్టుకుంది. వాళ్ళని చూడగానే ముక్కని లోపలికి లాక్కుని పెదాలు మూసేసింది. ఎప్పటిలాగే మొహంలో ఏమీ లేదు. అమ్మగారు మా అరుగు ముందు ఆగి, "ఏం పెద్దమ్మా, పేరేమిటి?" అంది. మామ్మ తల ఊపింది. "సన్యాసమ్మండి, మా అత్త" అని అమ్మ అందుకుంది. అంతా సవ్యంగానే నడిచిపోయేది. బస్తా మూతి విప్పుతున్నారు కూడా.

ఆవిడ నన్ను చూసింది. పలక పట్టుకున్నాను, రెండు జడలు వేసుకున్నాను. "చదువుకుంటున్నావా? ఒక పద్యం చెప్పు" అంది. చెప్పాను. తడుముకోకుండా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి చెప్పాను. ఆవిడ నా చెంప నిమిరింది. ఆ చేతికి ఏదో మంచి సబ్బు వాసన. అంత మెత్తటి చెయ్యి అప్పటిదాకా నన్ను తాకలేదు. "బంగారు తల్లి! చూశారా, ఇంత బీదింట్లో ఎంత చురుకైన పిల్ల ఉందో" అని కళ్ళజోడు మనిషితో అని, మళ్ళీ నా వైపు వంగి, "మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా అమ్మా? మంచిపిల్లలు అబద్ధం చెప్పరు" అంది. మా నాన్న తాగడండి అన్నాను. "మంచిది. మరి పొగ?" అంది. నేను బడి తెలుగులో, పద్యం చెప్పిన గొంతుతోనే చెప్పాను: "మా మామ్మ తాగుతుందండి. ఇప్పుడు కూడా నోట్లో ఉందండి, చుట్ట."

ఆవిడ నిటారుగా నిలబడింది. "నోరు తెరువు పెద్దమ్మా" అంది. మామ్మ తెరిచింది. నాలుక మీద ఆ ముక్క, దాని కొసన ఎర్రటి నిప్పు, చుట్టూ బూడిద. లోపల ఆపి ఉంచిన పొగంతా ఒక్కసారి బయటికి వచ్చి మామ్మ కళ్ళలోకే పోయింది. కళ్ళంట నీళ్ళు కారాయి. బండివాళ్ళు ఇకిలించారు. అమ్మగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "కొట్టేయండి" అంది. కళ్ళజోడు మనిషి పేరు కొట్టేశాడు. విప్పిన బస్తా మూతి మళ్ళీ కట్టేసి పక్కింటికి నడిచారు. అమ్మ వాళ్ళ వెనక పడింది. "అమ్మా, ముసిల్దమ్మా, పిల్లలున్నారమ్మా, ఈ ఒక్కపాలికీ..." ఆవిడ వెనక్కి తిరగకుండానే అన్న మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది: "తిండికి లేనప్పుడు కూడా ఈ సుఖాలు కావాలా మీకు?"

తిండికి లేనప్పుడే కదమ్మా కావాలి! కడుపు నిండినవాడికి అడ్డపొగ ఎందుకు, రైలు కథ ఎందుకు? ఆ రోజు ఆ మాట ఎవరూ అనలేదు. ఇవాళ అదే బాపతు జనం హాళ్ళు అద్దెకి తీసుకుని, తెరలు కట్టి, చిన్న సుఖాల్లోనే బతుకుందని మాకు పాఠం చెబుతున్నారు. మా దగ్గర ఉన్నప్పుడు అది దురలవాటు. వాళ్ళ చేతిలోకి పోయాక అది జ్ఞానం. కాఫీ కప్పు మీద పొగైతే బొమ్మ తీసి తెర మీద వేస్తారు, మా మామ్మ ముక్కులోంచి వచ్చిన పొగైతే పేరు కొట్టేస్తారు. నాకు ఒళ్ళు మండక ఏమవుతుంది?

అమ్మ తిరిగొచ్చి నా జడ పట్టుకుని చెయ్యెత్తింది. మామ్మ మధ్యలోకి వచ్చింది. చుట్ట ముక్క అప్పటికే ఉమ్మేసింది. "దాన్ని ముట్టుకోకు. నిజమే గదా సెప్పినాది" అంది. అంతే. లోపలికి వెళ్ళి బొడ్లోంచి సంచి తీసి, పొగాకూ దారమూ సంచీ అన్నీ కలిపి పొయ్యిలో పడేసింది. ఇల్లంతా ఘాటెక్కి అందరం దగ్గాం. మామ్మ ఒక్కర్తే దగ్గలేదు. పదిహేను రోజులకి బియ్యం బండి మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ అడక్కుండానే మామ్మ మెట్టు దిగి ఎదురెళ్ళి, డాక్టరుకి చూపించినట్టు నోరు బార్లా తెరిచి, "సూసుకోండమ్మా" అంది. చూసుకున్నారు. మామ్మ బాగుపడిందని అమ్మగారు సంతోషించి పేరు మళ్ళీ రాయించింది. ఆ బియ్యం మేం తిన్నాం. అన్నం రుచిగానే ఉంది. నేను మారు కూడా వేయించుకున్నాను. ఇది కూడా రాయాలి.

మెట్టు మీద నీడ రోజూ పడేది. మామ్మ రోజూ అరుగు మీద కూర్చునేది. సంచి కోసం చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్ళి, ఉత్తినే తిరిగొచ్చి ఒళ్ళో పడేది. కథ చెప్పమని రాములమ్మ రెండు మూడుసార్లు అడిగింది. "ఏటుంది సెప్పడానికి?" అంది మామ్మ. తరవాత రాములమ్మ రావడం మానేసింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలెట్టాడు. మిల్లు మళ్ళీ తెరిచారు, కూత కూసింది, నాన్న నెత్తిన దూదితో ఇంటికొచ్చాడు, అమ్మ దులిపింది, ఆయన తుమ్మాడు. అన్నీ తిరిగొచ్చాయి, ఆ అరగంట మాత్రం రాలేదు. చాలా ఏళ్ళ తరవాత, నాకు బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, రాజాం సంతలో మంచి ఆకు కొనుక్కుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళో పెట్టి, తాగు మామ్మా అన్నాను. ఆవిడ ఆకుని వాసన చూసింది, వేళ్ళతో మెత్తగా రాసింది, బాగుందంది. మళ్ళీ నా చేతిలో పెట్టేసింది. "ఒద్దే అమ్మా. నోరు మరిసిపోనాది." ఒక్క తిట్టు తిట్టి ఉంటే నా ప్రాణం తేలికపడేది. విజయనగరం స్టేషన్లో కూలోణ్ణి ఏడు తరాలు దింపిన మనిషి, నన్ను ఒక్క మాటనలేదు.

ఇదీ మామ్మ సంగతి. ఇప్పుడు రాజాం హాలు వెనక్కి రండి. వెనక తలుపు అవతల చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే చిన్న వరండా ఉంది. మెట్టు మీద నీలం చీర యూనిఫాంలో ఒకామె కూర్చుని ఉంది. చీర మీది కోటు జేబు మీద పైడమ్మ అని పేరు కుట్టి ఉంది. యాభై దాటి ఉంటాయి. పెదాల మధ్య వేలి గోరంత నల్లటి ముక్క కనిపిస్తోంది. నిప్పు కనిపించడం లేదు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మావైపు ఆడవాళ్ళలో ఈ అలవాటు పోయిందనుకున్నాను. ఆమె నన్ను చూసి లేవబోయింది. కూర్చో అని చెయ్యి ఊపాను. ఇంతలో వరండా చివర్నుంచి బూట్ల చప్పుడు. కాలేజీ ఆఫీసులో పెత్తనం చేసే ఆయన, చేతిలో నోటుపుస్తకం. చుట్ట ముక్క లోపలికి పోయింది, పెదాలు మూసుకున్నాయి. మొహంలో ఏమీ లేదు. ఏళ్ళ తరవాత చూస్తున్నాను ఆ మొహం.

"ఇక్కడ పొగ వాసన వస్తోంది" అన్నాడాయన. "ఏమమ్మా, నువ్వేనా? ఆవరణలో పొగ తాగితే రేపట్నుంచి రావద్దని మొన్ననే చెప్పానా లేదా?" పైడమ్మ తల అడ్డంగా ఊపింది. "నోరు లేదా? మాట్లాడు!" ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి. ఆయన కూడా అప్పుడే నన్ను చూశాడు. గొంతు మారిపోయింది. "అయ్యో, మేడమ్, మీరిక్కడున్నారా! మీరు పెద్దవారు, మీరే చెప్పండి మేడమ్. ఈవిడ పొగ తాగడం మీరు చూశారు కదా?"

"తాగింది నేను" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. "మీరా మేడమ్?"

"నేనే. చుట్ట. రాసుకోండి నా పేరు. ఏం, రాయరేం? ఆ పుస్తకంలో ఆవిడ పేరుకున్న చోటు నా పేరుకి లేదా? శాలువా కప్పిన చేత్తో కొట్టేయడానికి మొహమాటమా?" నా గొంతు నాకే భయంకరంగా వినిపించింది. మెడలో బంతిపూల దండ ఇంకా అలాగే ఉందని అప్పుడు గమనించి, తీసి బకెట్లో పడేశాను. ఆయన పుస్తకం మూసేసి, "లేదు మేడమ్, ఊరికే... వాసన వస్తే..." అంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

బూట్ల చప్పుడు దూరమయ్యాక పైడమ్మ ముక్కని అరచేతిలో ఉమ్మి, ఉఫ్ ఉఫ్‌మని నోరు ఊదుకుంది. "నోరు బొబ్బలెక్కిపోనాదమ్మా! ఆడితోటి అంతసేపు తగువేటి?" అంది. తరవాత నన్ను కిందా మీదా చూసింది. "నువ్వు తాగుతావేటమ్మా?" లేదన్నాను. "మరేల సెప్పినావు?"

ఆమె జరిగి మెట్టు మీద చోటిచ్చింది. కూర్చున్నాను. ఎందుకో తెలియదు, బియ్యం బండి సంగతంతా ఆమెకి చెప్పేశాను, ఎన్నో ఏళ్ళుగా మాట్లాడని మా ఇంటి తెలుగులో. ఆమె ముక్క మళ్ళీ ముట్టించి, తిప్పి పెట్టుకుని, ముక్కులోంచి పొగ వదులుతూ విన్నది. చివర్న నా మోకాలి మీద తట్టింది. "పదకొండేల్ల గుంటవి. నీకేటి తెలుస్తాది? ఇన్నేల్లు మోస్తన్నావేటి ఇదీ?" అంది.

ఇన్నేళ్ళూ నేను కూడా నాకు అదే చెప్పుకున్నాను. చిన్నపిల్లని, నిజం చెప్పమన్నారు, చెప్పాను. ఆ అమ్మగారిని తిట్టుకున్నాను, కళ్ళజోడు మనిషిని తిట్టుకున్నాను, మిల్లు వాళ్ళని తిట్టుకున్నాను. వాళ్ళందరూ తిట్లు తినవలసినవాళ్ళే. కాని ఆ అమ్మగారు మరి పొగ అని అడిగినప్పుడు నేను నోరు విప్పబోయే ముందు మామ్మ వైపు చూశాను. ఆ చూసిన సంగతి ఇందాక మీకు కూడా చెప్పలేదు.

"తెలీక కాదు పైడమ్మా" అన్నాను. "ఒద్దని తలూపినాది మా మామ్మ. సూసినాను. ఆ అమ్మగారు ఇంకోపాలి సెంప నిమురుతాదని, సూసే సెప్పినాను."

పైడమ్మ చెయ్యి నా మోకాలి మీదే ఉంది. లోపల మైకులో నా పేరు పిలుస్తున్నారు.